ఓటీపీ మీది, పెత్తనం ఆయనది

సమస్య:

అమ్మా, మాది గోదావరిఖని. మా ఆయన సింగరేణిల పనిచేసి నిరుడు రిటైరయ్యిండు. గ్రాట్యుటీ పైసల్లోంచి 9 లక్షలు మా ఆడబిడ్డ కొడుకు మాట విని ఒకటే కంపెనీ షేర్లల్ల పెట్టిండు. పిల్లగాడు కరీంనగర్‌ల ఉంటడు. ఏదో టెలిగ్రామ్ గ్రూపుల చూసిండట. ‘మామా, 4 రూపాయల షేరు 40 అయితది, అత్తమ్మ పేరు మీద ఖాతా తెరుద్దాం, ట్యాక్స్ పడదు’ అన్నడు. ఫోన్ మొఖం ముందు పెట్టి తల ఇటు తిప్పు, అటు తిప్పు అంటే తిప్పిన. ఓటీపీ నా ఫోన్‌కే వచ్చేది. పొయ్యి కాడ ఉండి చదివి చెప్పేదాన్ని. దేనికని అడుగలేదు. షేరు 7 దాకా పోయి ఇప్పుడు రూపాయి చిల్లరకు వచ్చింది. అమ్ముదామంటే కొనేటోళ్లు లేరట. ఇప్పుడు మా ఆయన, బిడ్డ పెళ్లికని ఇద్దరి పేర్ల మీద వేసిన 4 లక్షల ఎఫ్‌డీ తీసి ‘ఆవరేజ్ చేస్త’ అంటున్నడు. పిల్లగాన్ని నిలదీస్తే ఆడబిడ్డతోని మాటలు బందైతయి. ఏం చెయ్యమంటరు?
– పేరు రాయకండి

సలహా:

అమ్మా, 9 లక్షలు పోయినందుకు నాకు జాలి వేసింది. ‘దేనికని అడుగలేదు’ అన్నందుకు మాత్రం కోపం వచ్చింది. జవాబు రాస్తున్నది అందుకే.

ముందు ఎఫ్‌డీ సంగతి. అది కదలకూడదు. పడిపోయిన షేరును ఇంకా కొని సగటు ధర తగ్గించుకోవడమే ఆవరేజ్. కొనేవాడే లేని షేరుకు అది చేస్తే పోయిన 9కి మరో 4 తోడవుతుంది, అంతే. రోజూ పొద్దున అమ్మకానికి ఆర్డర్ పెట్టండి, దొరికిన కాడికి బయటపడండి. ఆ నష్టాన్ని రిటర్నులో గడువులోగా చూపిస్తే 8 ఏళ్ల దాకా షేర్ల లాభాల్లో సర్దుకోవచ్చు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీకి ఫిర్యాదు చేయండి కానీ డబ్బు తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి.

మీ ఆయన మునిగిన దారి పాతదే. అలాంటి కంపెనీ మొదట తన మనుషులకు తక్కువ ధరకు షేర్లు కేటాయిస్తుంది. దాన్ని ప్రిఫరెన్షియల్ అలాట్‌మెంట్ అంటారు. తర్వాత ధర ఎగదోసే ఆపరేటర్ దిగి పది ఖాతాల మధ్య అవే షేర్లను తిప్పి తిప్పి రోజూ అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు ధర పెరగగల గరిష్ఠ హద్దు, కొట్టిస్తాడు. పెద్ద ఆర్డర్ వచ్చిందని ఒక ప్రకటన, ఒక స్ప్లిట్, ఒక బోనస్. టెలిగ్రామ్, యూట్యూబ్‌ల వంతు చివర్లో వస్తుంది. కబురు గోదావరిఖని దాకా వచ్చిందంటే లోపలివాళ్లు అమ్ముకునే వేళయిందన్నమాట. హైదరాబాద్ కంపెనీ బ్రైట్‌కామ్ షేరు 2021 డిసెంబర్‌లో 100 రూపాయలు దాటి, ఏడాదిన్నర తిరక్కుండానే 10 దగ్గరకు పడింది. ఆ కంపెనీ అలా కేటాయించిన షేర్లలో కొన్నింటికి డబ్బే రాలేదనీ, చూపించిన బ్యాంకు స్టేట్‌మెంట్లు నకిలీవనీ సెబీ 2023 ఆగస్టులో ప్రాథమికంగా తేల్చింది. 2024 జూన్‌లో ట్రేడింగే ఆపేశారు.

ఇక మీ విషయం. ఆ ఖాతా మీది. నోటీసు వస్తే మీకే వస్తుంది. సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే చిన్న కంపెనీ షేరును 2022లో యూట్యూబ్ వీడియోలతో ఎగదోసిన కేసులో, 2025 మేలో సెబీ నటుడు అర్షద్ వార్సీకి 5 లక్షలు, ఆయన భార్యకు 5 లక్షలు జరిమానా వేసింది. ఇద్దరినీ ఏడాది పాటు మార్కెట్‌కు దూరం పెట్టింది. మీరు అలాంటి పని చేశారని అనడం లేదు. ఖాతా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లను అడుగుతారని చెబుతున్నాను. ట్యాక్స్ పడదన్న మాట కూడా అబద్ధమే. భర్త ఇచ్చిన డబ్బుతో భార్య పేరు మీద వచ్చే లాభం భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

మన ఇళ్లలో ఇదొక జాడ్యం. రేషన్ కార్డు, ప్లాటు, డీమ్యాట్ అన్నీ ఆమె పేరు మీదే ఉంటాయి. వాటి గురించిన మాటలు మాత్రం ఆమె లేని గదిలో జరుగుతాయి. మహిళా సంఘంలో 500 లెక్క తేలకపోతే మీటింగ్ కదలనివ్వని ఆడవాళ్లే ఇంట్లో లక్షలకు సంతకం పెట్టి ఊరుకుంటారు. అడిగితే మగాడికి చిన్నతనమట! బొగ్గు బావిలో దిగేముందు క్యాప్ ల్యాంప్ వెలుగుతుందో లేదో చూసుకోనిదే అడుగు వేయని మనిషి, జీవితకాల సంపాదన పెట్టిన కంపెనీ ఏం తయారు చేస్తుందో చూసుకోలేదు. ఆ కంపెనీ చేసే పనేమిటో మీ ఆయన్ను ఒక్కసారి అడగండి. చెప్పలేరు. పందెం కడతాను.

మేనల్లుడి దగ్గర గొడవ అక్కర్లేదు, అతని ఖాతా స్టేట్‌మెంట్ చూపించమనండి. అతనూ మునిగి ఉంటే రెండు మాటలని వదిలేయండి. 7 దగ్గర తన షేర్లు అమ్ముకుని ఆ బరువు మామ నెత్తిన పెట్టి ఉంటే, ఆడబిడ్డను కూర్చోబెట్టి ఆమె ముందే తేల్చండి. మాటలు బందైతే కానివ్వండి. 9 లక్షలు పోయాక కూడా మర్యాద మీరొక్కరే కాపాడాలా?

ఖాతా పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి, కొత్తది మీ దగ్గరే పెట్టుకోండి. సెబీ టోల్ ఫ్రీ నంబర్ 1800 22 7575. తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్ మీరే చేయండి, ఆయనతో చేయించకండి.