పోటీ పరీక్షల ప్రత్యేకం: లిజనర్ పలకకపోతే...

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ‘కొత్తపల్లె’ అని మాత్రమే రాసి ఉత్తరం వేస్తే పోస్ట్‌మ్యాన్ ‘ఏ కొత్తపల్లె?’ అంటాడు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఓఆర్‌ఏ-12154 ఎర్రర్ సరిగ్గా ఇదే. క్లయింట్ ఇచ్చిన పేరుకు అడ్రసు దొరకలేదు. తప్పు సర్వర్‌ది కాదు. క్లయింట్ వైపు ఉండే టీఎన్‌ఎస్‌నేమ్స్ డాట్ ఓరా ఫైల్ చూడాలి. అందులో ఒక్క బ్రాకెట్ తగ్గినా చాలు, ఈ ఎర్రర్ వస్తుంది.

అడ్రసు సరిగానే ఉంది, వెళ్లి తలుపు కొడితే పలికేవారు లేరు. అది ఓఆర్‌ఏ-12541. సర్వర్‌లో కొత్త కనెక్షన్లను అందుకునే ప్రోగ్రామ్ అయిన లిజనర్ నడవడం లేదు, లేదా పోర్టు తప్పు. సర్వర్‌లో ‘ఎల్‌ఎస్‌ఎన్‌ఆర్‌సీటీఎల్ స్టేటస్’ కొట్టి చూడాలి. డిఫాల్ట్ పోర్టు 1521. (మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432. జతపరచమని అడగడానికి వీలైన అంకెలు.)

లిజనర్ పలికి ‘ఆ పేరు గలవాళ్లు ఇక్కడ లేరు’ అంటే 12514. సర్వీస్ పేరు తప్పు, లేదా డేటాబేస్ ఇంకా లిజనర్ దగ్గర నమోదు కాలేదు. ఈ నమోదును పాత వెర్షన్లలో పీమాన్ అనే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ చేసేది, 12సీ నుంచి ఎల్‌రెగ్ అనే ప్రాసెస్ చేస్తోంది. డేటాబేస్‌ను ఇప్పుడే స్టార్ట్ చేసి ఉంటే నిమిషం ఆగి చూడండి.

అభ్యర్థులు బోల్తాపడే చోటు టీఎన్‌ఎస్‌పింగ్ కమాండ్. అది ‘ఓకే’ అంటే లిజనర్ ఉందనే అర్థం, డేటాబేస్ లేచిందని కాదు. ఇంకోటి: లిజనర్‌ను ఆపినా అప్పటికే కుదిరిన కనెక్షన్లు తెగవు, కొత్తవే ఆగుతాయి.