పోలవరం నుంచి ఫ్రెంచ్ నేర్చుకోవాలంటే

ప్రశ్న: మావాడు ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్లో ఏడో తరగతి. ఫ్రెంచ్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. సర్కారు బడిలో వీలుందా?
– ఒక తల్లి, పోలవరం

జవాబు: అమ్మా, మన ప్రభుత్వ బడుల్లో సాధారణంగా తెలుగు, హిందీ, ఇంగ్లీషే ఉంటాయి. అలాగని ఫ్రెంచ్ మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు: గోదావరి దిగువన యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉంది. యానాం, పుదుచ్చేరి వంటి ఫ్రెంచ్ ప్రాంతాలను భారత్‌లో కలిపిన 1956 నాటి ఒప్పందం కూడా ఫ్రెంచ్‌కు చోటిచ్చింది. పుదుచ్చేరిలో కాల్వే కళాశాల వంటి సర్కారు బడుల్లో ఆ చదువు సాగింది. అయినా ఇంత చిన్నవాణ్ణి అందుకోసం ఊరు దాటించొద్దు.

ఇంట్లోనే మొదలుపెట్టించండి. ముందు చెవికి అలవాటు కావాలి. ఫ్రెంచ్‌లో మాట చివరి అక్షరాలు చాలాసార్లు పలకరు, అందుకని పుస్తకం ఒక్కటే పట్టుకుంటే ఉచ్చారణ చెడిపోతుంది. ఫ్రెంచ్ టీవీ ఛానెల్ టీవీ5 మోండ్ వారి ఉచిత పాఠాలు రోజూ అరగంట వినిపించండి. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు డెల్ఫ్ జూనియర్ అనే ఫ్రెంచ్ భాషా పరీక్ష ఉంది. మొదటి మెట్టు ఏ1. ఆ సర్టిఫికెట్‌కు కాలపరిమితి లేదు. వివరాలకు హైదరాబాద్‌లోని ఫ్రెంచ్ భాషా కేంద్రం అలియాన్స్ ఫ్రాన్సేజ్‌ను అడగండి.

ఇంటర్‌లో ఫ్రెంచ్‌ను ద్వితీయ భాషగా తీసుకోవచ్చు, కాలేజీలో అధ్యాపకులుంటేనే. కేవలం మార్కుల కోసమైతే మాత్రం వద్దంటాను. ఈలోగా తెలుగు, ఇంగ్లీషు చదువు తగ్గనివ్వకండి.