చదువుటయే ఆటగా గల జపాను దృశ్యనవల

ఆట యనగా పరుగు, గురి, చేతివేగము అని మనము తలంతుము. కంప్యూటరు ఆటలన్నియు అట్టివే యనుకొందుము. కాని చదువుటయే ఆటయైన యొక ప్రక్రియ జపాను దేశమున వర్ధిల్లినది. దానికి ‘విజువల్ నోవెల్’ అని పేరు. తెలుగున దృశ్యనవల యనవచ్చును. అనువాదముల మూలమున అది నేడు ఇతర దేశముల పిల్లలకును అందుచున్నది. కావున తలిదండ్రులు దాని స్వరూపము నెరుంగుట మేలు.

దృశ్యనవలలో తెర వెనుకభాగమున బడిగదియో, వీధియో చిత్రింపబడి యుండును. దాని ముందు పాత్రల బొమ్మలు నిలిచి, సందర్భానుసారముగ ముఖభావములను మార్చుచుండును. కథ పంక్తివెంట పంక్తిగా తెరపై కనుపించును. సంగీతము తోడుగా నుండును. పెక్కింట నటులు పాత్రల సంభాషణలను పలుకుదురు. మీట నొక్కినకొలది కథ ముందునకు సాగును.

మరి ఇందు ఆట యెక్కడ? కథ చిక్కుముడి పడినచోట రెండుమూడు మార్గములు తెరపై కనుపించును. చదువరి యెన్నుకొనిన దానిని బట్టి కథ శాఖలుగా చీలి, వేర్వేరు ముగింపులకు చేరును. నడుమ నొకచోట గుర్తు నిలుపుకొని, మరల అచ్చటినుండియే రెండవ మార్గమును పరీక్షింపవచ్చును.

1983లో హోరీ యూజీ రూపొందించిన ‘పోర్టోపియా’ హత్యాపరిశోధన క్రీడ దీనికి పూర్వరంగ మనదగినది. 1992లో చున్‌సాఫ్ట్ సంస్థ ‘ఒతోగిరిసో’ను వెలువరించి, దానికి ‘సౌండ్ నోవెల్’ అని పేరిడెను. 1994లో ఆ సంస్థయే ‘కమాయితాచి నో యోరు’ను ప్రకటించెను. దాని కథను అపరాధపరిశోధక నవలాకారుడగు అబికో తాకెమారు రచించెను. మంచుతుపానులో చిక్కిన విడిదిగృహమున హత్య జరుగును. చదువరి ఆధారములను కూర్చి హంతకుని కనుగొనవలెను. పొరబడినచో మరికొందరు మరణింతురు. పాత్రలు నీడలుగా మాత్రమే కనుపించుటచే వారి రూపములను చదువరియే ఊహించుకొనవలసి యుండును. 1996లో లీఫ్ సంస్థ తన గ్రంథమాలకు ‘విజువల్ నోవెల్’ అను పేరు పెట్టెను. క్రమముగా ఆ పేరే స్థిరపడినది.

ఈ ప్రక్రియలో అన్ని రచనలును పిల్లలకు తగినవి కావు. కేవలము పెద్దలకై వ్రాయబడినవియు పెక్కు గలవు. బొమ్మలను చూచి కథను నిర్ణయింపరాదు. 2002లో ఆరంభమైన ‘హిగురాషి’లో ముద్దులొలుకు బాలికల బొమ్మలుండును, కథయో, కొండపల్లెలో ఏటేట ఉత్సవదినమున జరుగు ఘోరమరణములను గూర్చినది. 2004 నాటి ‘క్లనాడ్’ బొమ్మలును అట్టివే. కాని అది బడిజీవితమును, కుటుంబబాంధవ్యమును వర్ణించునది. జపానులో ఇంటి ఆటయంత్రములకై వెలువడు ఆటలపై 2002లో నెలకొల్పబడిన ‘సెరో’ సంస్థవారి వయోనిర్ణయ చిహ్న ముండును. ‘ఏ’ అన్నది ఎల్ల వయసులవారికి; ‘బి’ 12, ‘సి’ 15, ‘డి’ 17 ఏండ్లు నిండినవారికి; ‘జెడ్’ 18 నిండినవారికి మాత్రమే. అట్టి చిహ్నము లేనిచో కథావస్తువును పెద్దలే ముందు విచారింపవలెను.

పిల్లవాడు తెరను చూచుచున్నాడని కసరుటయు, చదువుచున్నాడు గదా యని ఊరకుండుటయు రెండును తగవు. గ్రంథాలయమునుండి తెచ్చిన నవలను పరిశీలించునట్లే దీనిని పరిశీలింపవలెను. తగిన కథయైనచో, అతనిచే దానిని ఇంట తెలుగున చెప్పించుడు, “ఆ మార్గమునే యేల ఎన్నుకొంటివి?” అని యడుగుడు. అతడేమి చదివెనో, దానినుండి యేమి గ్రహించెనో ఆ జవాబే తెలుపును.