సూదితో వేలు విడిపించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. పొద్దున లేచేసరికి కుడిచేతి ఉంగరపు వేలు ముడుచుకుపోయి ఉంటుంది. రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. రెండుసార్లు ఇంజెక్షన్ చేశారు. కొన్ని నెలలు బాగుండి మళ్లీ మొదలైంది. ఇప్పుడు డాక్టరుగారు స్కానింగ్‌లో చూస్తూ సూదితోనే విడదీస్తాను, ఓపీ గదిలోనే అయిపోతుంది అంటున్నారు. థియేటర్ లేకుండా ఇలాంటివి చేయించుకోవచ్చా?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: చేయించుకోవచ్చమ్మా. మీది ట్రిగ్గర్ ఫింగర్. వేలిని ముడిచే టెండన్, అరచేతిలో వేలు మొదలయ్యే చోట ఒక బిగుతైన పట్టీ కింద నుంచి వెళుతుంది. దాన్ని పుల్లీ అంటారు. పట్టీ దళసరెక్కి, టెండన్ మీద చిన్న ఉబ్బు కూడా వస్తే, సైకిల్ బ్రేకు తీగ గొట్టంలో పట్టేసినట్టు పట్టేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుంది, పైగా ఇంజెక్షన్‌తో నయమయ్యే అవకాశమూ వాళ్లకే తక్కువ. రెండు ఇంజెక్షన్ల తర్వాత కూడా తిరగబెట్టిందంటే, మూడోదాని జోలికి పోకుండా పట్టీ విడదీయించుకోవడమే మేలు అంటాను.

చర్మం కోయకుండా ఈ పట్టీని తెంపే పద్ధతి 1958 నాటికే వైద్య పత్రికలకెక్కింది. అప్పట్లో అంతా చేతి అంచనా మీదే. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెర మీద టెండన్, పట్టీ, రెండు పక్కలా వేలి నరాలు, రక్తనాళాలు కనిపిస్తుంటాయి. ముందు తిమ్మిరి మందు ఇస్తారు. తర్వాత సూది మొనతో పట్టీని కొంచెం కొంచెంగా గీరుతూ తెంపుతారు. తెగుతున్నప్పుడు కరకరలాడడం డాక్టరు చేతికి తెలుస్తుంది. మీరు మెలకువగానే ఉంటారు కాబట్టి ‘ముడవండమ్మా, చాపండి’ అని అక్కడే చేయించి చూస్తారు. ఇంకా పట్టేస్తుంటే మిగిలిన కాస్త కూడా విడదీస్తారు. పూర్తి మత్తులో ఉన్న మనిషి చేత ఆ పరీక్ష చేయించలేం.

తిమ్మిరి మందులో అడ్రినలిన్ కలిపితే నెత్తురు పెద్దగా కారదు. వేళ్లకి అడ్రినలిన్ ఇస్తే కుళ్లిపోతాయని మా తరానికి నూరిపోశారు. కెనడా సర్జన్ డొనాల్డ్ లాలోండ్, ఆయనతో పనిచేసినవాళ్లు ఆ భయాన్ని పోగొట్టారు. ఈ చిన్న పనులు థియేటర్ దాటి బయటికి రావడానికి అదొక ముఖ్య కారణం.

మీది ఉంగరపు వేలు గనక ధైర్యంగా చెప్పాను. బొటనవేలైతే ఇంకో మాట చెప్పేవాణ్ణి, అక్కడ నరం పట్టీ మీదుగా ఏటవాలుగా వెళుతుంది. ఎవరి చేతా చేయించుకోబోయే ముందు ‘మీరు ఇలాంటివి తరచూ చేస్తుంటారా?’ అని అడగండి. ఏమీ అనుకోరు. అనుకుంటే ఇంకొకరిని చూసుకోండి.

షుగర్ అదుపులో లేకపోతే ముందు దాన్ని దారికి తెచ్చుకోండి. విడదీసేటప్పుడు స్టెరాయిడ్ కూడా ఇస్తే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, కంగారుపడి మాత్రలు మీ అంతట మీరే మార్చకండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. వేలిని ఆ రోజు నుంచే ఆడించాలి. అంట్లు తోమడం మాత్రం నాలుగు రోజులు ఇంట్లో మగవాళ్లకి అప్పగించండి. వేలు ఎర్రగా వాచినా, చీము పట్టినా, మర్నాటికీ తిమ్మిరి వదలకపోయినా వెంటనే వెళ్లి చూపించుకోండి.

ప్రశ్న: నా చేతికి స్కానింగ్ తీసిన గదిలో ‘ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు’ అని బోర్డు ఉంది. ఎముకల డాక్టరు గదిలో అదెందుకు?
– విశ్రాంత ఉద్యోగి, కంచరపాలెం

జవాబు: కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది. చేతికి వాడినా, మోకాలికి వాడినా అల్ట్రాసౌండ్ మిషన్ ఆ చట్టం కింద నమోదు కావాల్సిందే. చిన్న మిషన్ కదా అని సంచీలో వేసుకుని ఊళ్లు తిరగడానికీ లేదు. అనుమానపడాల్సింది బోర్డు లేని చోట.

ప్రశ్న: షిప్‌యార్డులో గ్రైండింగ్ పని. వయసు 43. అర్ధరాత్రి చేతులు తిమ్మిరెక్కి మెలకువొస్తుంది, విదిలిస్తే గాని తగ్గదు. కార్పల్ టన్నెల్ అన్నారు. మా బావకి చెన్నైలో చిన్న రంధ్రంలోంచే చేశారట, పెద్ద కోత లేదట. నేనూ అదే చేయించుకోనా?
– ఒక కార్మికుడు, మల్కాపురం

జవాబు: ముందు ఒకటి గమనించు బాబూ. తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలులోనేనా, చిటికెన వేలికి కూడా ఉందా? చిటికెన వేలికి కూడా ఉంటే మెడనో మోచేతినో కూడా చూడాలి. ఇంకోటి, చలిలో వేళ్లు తెల్లగా పాలిపోతున్నాయా? ఏళ్ల తరబడి గ్రైండర్ అదురుకి రక్తనాళాలు దెబ్బతింటే అలా అవుతుంది. మణికట్టు దగ్గర ఏం కోసినా అది తగ్గదు.

మణికట్టులో ఒక ఇరుకు దారి ఉంది. దాంట్లో తొమ్మిది టెండన్లు, ఒక నరం. పైకప్పుగా గట్టి లిగమెంటు. నరం నలిగితే నీకొచ్చిన బాధే వస్తుంది. ఆరు వారాలు రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకో. నరాల పరీక్ష చేయించు, షుగర్, థైరాయిడ్ కూడా చూపించు. బొటనవేలి మొదట్లో కండ చిక్కిపోతుంటే మాత్రం ఆగొద్దు. అది పూర్తిగా పోయాక ఆపరేషన్ చేసినా కండ తిరిగి రావడం కష్టం.

మీ బావకి చేసినది మంచి పద్ధతే. కొద్ది మిల్లీమీటర్ల గాటు లోంచి, తెర మీద నరాన్ని చూస్తూ లిగమెంటును తెంపుతారు. అరచేతి చర్మం తెగదు కాబట్టి మొదటి వారాల్లో నొప్పి తక్కువ, పట్టు త్వరగా వస్తుంది. ఏడాది తిరిగేసరికి మాత్రం కోసి చేసినదానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. రోజుకూలి మీద బతికేవాడికి ఆ మొదటి వారాలే ముఖ్యం, కాదనను. కానీ ఈ పని బాగా వచ్చినవాళ్లు తక్కువ. కోత పొడవు చూసి డాక్టరును ఎంచుకోవద్దు. లోపల గడ్డ ఉన్నా, ఇదివరకే ఒకసారి ఆపరేషన్ అయి ఉన్నా, కోసి కళ్లారా చూసి చేయడమే మంచిది. విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఆర్థోపెడిక్స్, ప్లాస్టిక్ సర్జరీ రెండూ ఉన్నాయి. ఏ విభాగంలో చూపించుకున్నా గ్రైండింగ్ పని అని చీటీలో రాయించు. పని మార్పించమని అడగడానికి ఆ కాగితమే ఆధారం.

ప్రశ్న: ఓపీలో చేస్తే ఖర్చు తక్కువన్నారు. ఇన్సూరెన్స్ వస్తుందా?
– కూర్మన్నపాలెం

జవాబు: ఇక్కడో మెలిక ఉంది. పాలసీలు మామూలుగా 24 గంటలు ఆసుపత్రిలో ఉన్న కేసులకీ, డే కేర్ చికిత్సలకీ డబ్బిస్తాయి. ఓపీలో చేసే పనిని డే కేర్ కింద లెక్కగట్టరు. అదే పని ఆసుపత్రి డే కేర్‌లో చేస్తే రావచ్చు, క్లినిక్ గదిలో చేస్తే రాకపోవచ్చు. డాక్టరు చేత చికిత్స పేరు, చేసే చోటు రాయించి కంపెనీకి పంపండి. ఫోన్‌లో ‘వస్తుంది సార్’ అంటే సరిపోదు, మెయిల్లో తెప్పించుకోండి. రాదని తేలితే రెండు చోట్లా బిల్లు ఎంతో కనుక్కోండి. చేతి నుంచి కట్టుకున్నా ఓపీలోనే చవక కావచ్చు.