తాబేళ్ల లెక్క

ఒడిశాలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న జిల్లాలలో గంజాం ఒకటి. ఆ జిల్లాలో రుషికుల్య నది బంగాళాఖాతంలో కలుస్తుంది. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో కొన్ని రాత్రులు ఆ సంగమం దగ్గరి ఇసుక తీరం తాబేళ్లతో నిండిపోతుంది. అవి ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపు తాబేళ్లు. గుడ్లు పెట్టడానికి గుంపులుగా ఒడ్డుకు వస్తాయి. ఈ సంగతిని శాస్త్రవేత్తలు 1994లో గుర్తించారు.

ఆడ తాబేలు ఇసుకలో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెడుతుంది. గుంట పూడ్చి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ గుడ్లను పొదిగేది తల్లి కాదు, ఇసుకలోని వేడి. 45 నుంచి 60 రోజులలో పిల్లలు బయటికి వస్తాయి.

లక్షలుగా వచ్చే తాబేళ్లను లెక్కపెట్టడం ఎలా? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. శాస్త్రవేత్తలు పాటించేదీ ఇటువంటి పద్ధతే. అయితే కుండలోని అన్నం వలె తాబేళ్లు అంతటా ఒకేలా ఉండవు. ఒకచోట కిక్కిరిసి, మరొకచోట పలచగా ఉంటాయి. కిక్కిరిసిన చోటే చూస్తే లెక్క పెరుగుతుంది. పలచని చోటే చూస్తే తగ్గుతుంది. అందుచేత తీరం పొడవునా సమాన దూరాలలో పట్టీలు గుర్తించి, వాటిలో గుడ్లు పెడుతున్న తాబేళ్లను లెక్కిస్తారు.

2,000 మీటర్ల తీరంలో 20 మీటర్ల వెడల్పు గల పట్టీలు 20 ఉన్నాయనుకోండి. అవి తీరంలో అయిదో వంతు. ఒక సమయంలో వాటిలో 600 తాబేళ్లు ఉంటే, అప్పుడు తీరమంతటా సుమారు 3,000 ఉన్నాయని అంచనా. రాత్రంతా ఇలా మళ్లీ మళ్లీ లెక్కిస్తారు. ఒక్కొక్క తాబేలు ఒడ్డున గడిపే కాలాన్ని కూడా గణించి మొత్తం సంఖ్యను నిర్ణయిస్తారు.

ఒక్క ఏటి లెక్కా చాలదు. 2024లో రుషికుల్య తీరానికి తాబేళ్లు గుంపుగా రాలేదు. ఆ ఏడు మాత్రమే చూసినవారు జాతి నశిస్తోందని భయపడతారు. 2025లో దాదాపు 7 లక్షలు వచ్చాయని అంచనా వేశారు. ఆ ఏడు మాత్రమే చూసినవారు ఇక చింత లేదనుకుంటారు. రెండూ తొందరపాటే.

ఇందులో మరొక చిక్కు ఉంది. పుట్టే పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది కూడా ఇసుక వేడే. సుమారు 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు రకాలూ పుడతాయి. అంతకంటే వేడి పెరిగితే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు ఎక్కువవుతాయి. భూమి వేడెక్కుతున్నకొద్దీ మగవి తగ్గిపోయే ప్రమాదం ఉంది. కాని గుడ్లు పెట్టడానికి వచ్చేవి ఆడ తాబేళ్లే. తీరం నిండుగా కనిపించినా మగవాటి కొరత బయటపడదు. పిల్లల ఆకారం చూసి ఆడమగ తేడా చెప్పడం కూడా సాధ్యం కాదు. అవి పెరిగి గుడ్లు పెట్టే వయసు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. నేటి వేడి ఫలితం అంతవరకు కంటికి తెలియదు.

అందువల్లనే శాస్త్రవేత్తలు ఇసుకలోని ఉష్ణోగ్రతను ఏటేటా నమోదు చేస్తారు. ఓపికతో, పక్షపాతం లేకుండా రాసిపెట్టిన ఆ అంకెలే రాబోయే ఆపదను ముందుగా తెలుపగలవు. ఆపద ముందే తెలిస్తే కాపాడే ఉపాయం ఆలోచించడానికి వ్యవధి దొరుకుతుంది.

ప్రశ్నలు
1. పట్టీలను సమాన దూరాలలో ఎందుకు తీసుకుంటారు?
2. తీరం నిండా తాబేళ్లు ఉన్నా జాతి క్షేమంగా ఉందని చెప్పలేము. ఎందుకు?
3. మీ ఊరి చెరువుకు వచ్చే కొంగలను లెక్కించాలంటే ఏ పద్ధతి పాటిస్తారు?