పది అడుగుల దూరంలో ప్లాస్మా టీవీ

టీవీ కొనడానికి సైన్సు మాస్టారును వెంటబెట్టుకు వెళ్లేవాళ్లుంటారా? 2009లో సీతమ్మధారలో మా పక్కింటాయన అదే పని చేశారు. దుకాణంలో 50 అంగుళాల ప్లాస్మా టీవీలు రెండు పక్కపక్కనే వెలుగుతున్నాయి. ఒకదాని తెరలో అడ్డవరుసలు 768, రెండోదానిలో 1080. రెండోదాని ధర బాగా ఎక్కువ. "ఇందులో బొమ్మ ఎంత తేటగా ఉందో చూశారా మాస్టారూ!" అన్నారాయన. నిజమే. కాని మేము నిలుచున్నది మూడడుగుల దూరంలో!

ముందు ప్లాస్మా తెర ఎలా వెలుగుతుందో చూద్దాం. ట్యూబ్‌లైటు మీకు తెలుసు కదా. అందులోని పాదరసపు ఆవిరి గుండా విద్యుత్తు పోయినప్పుడు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు పుడతాయి. అవి గాజు లోపలి ఫాస్ఫర్ పూతకు తగిలి వెలుగునిస్తాయి. ప్లాస్మా తెర అంటే రెండు గాజు పలకల నడుమ ఇలాంటి బుల్లి దీపాలు లక్షల కొద్దీ ఉన్నాయన్నమాట. పాదరసానికి బదులు నియాన్, జినాన్ వాయువులుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గదులు మూడు కలిస్తే ఒక చుక్క. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బిట్జర్, స్లాటో, విల్సన్ దీన్ని రూపొందించారు. సినిమాల కోసం కాదు, కంప్యూటరు మీద పాఠాలు చెప్పడానికి!

ఇక లెక్కకు వద్దాం. 50 అంగుళాలు తెర కర్ణం. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. పైథాగరస్ సిద్ధాంతంతో ఎత్తు కట్టండి: 24.5 అంగుళాలు, అంటే 622 మిల్లీమీటర్లు. దీన్ని 768తో భాగిస్తే ఒక్కో వరుస 0.81 మి.మీ., 1080తో భాగిస్తే 0.58 మి.మీ.

మామూలు చూపుగల కన్ను ఉజ్జాయింపుగా డిగ్రీలో 60వ వంతు కోణం వరకే వివరాలను విడదీయగలదు. అంటే వివరం పరిమాణానికి 3440 రెట్లు దూరం దాటితే అది కలిసిపోతుంది. గ్రాఫు కాగితం మీద ఒక మిల్లీమీటరు గడిని నల్లగా నింపుతూ, పక్కది వదులుతూ చారలు గీయండి. గోడకు అంటించి వెనక్కి నడవండి. పదకొండు అడుగుల ప్రాంతంలో చారలన్నీ బూడిదరంగై పోతాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకునే చేయాలి సుమా!

ఆయన హాల్లో సోఫాకూ గోడకూ మధ్య పది అడుగులు, అంటే 3050 మి.మీ. దాన్ని 3440తో భాగిస్తే 0.89. రెండు టీవీల వరుసలూ అంతకన్న సన్నవే! సోఫాను తొమ్మిది అడుగులకన్న దగ్గరికి జరిపితేనే తేడా తెలియడం మొదలవుతుంది. ఆయన 768 వరుసలదే కొన్నారు.

లెక్కకు అందని చిక్కు ఇంటికి వచ్చాక తెలిసింది. ఎదుటి కిటికీ తెర గాజులో అద్దంలా మెరిసేది. పగలు పరదా వేయక తప్పలేదు. ఛానెల్ గుర్తు ఎప్పుడూ ఒకే మూల వెలుగుతుంటే అక్కడి ఫాస్ఫర్ త్వరగా అరుగుతుంది. కొన్నాళ్లకు ఆ గుర్తు నీడలా నిలిచిపోతుంది. ఇక కరెంటు: టీవీ 300 వాట్లు తీసుకుంటే రోజుకు ఐదు గంటలకు ఒకటిన్నర యూనిట్లు.

2014 నాటికి పెద్ద కంపెనీలు ప్లాస్మా తయారీ మానుకున్నాయి. ఇప్పటి 4కె తెరలో 2160 వరుసలుంటాయి. 50 అంగుళాల 4కె తెరలోని ప్రతి వరుసా విడిగా తెలియాలంటే ఎంత దూరంలో కూర్చోవాలో మీరే కట్టి చూడండి. ఒక మీటరు వస్తే మీ లెక్క సరైనదే. తర్వాత టేపు తీసుకుని మీ హాలు కొలవండి.