చోదకునికి పాఠం చెప్పిన కార్లు

మోటారు కారు అనగానే మనలో చాలామందికి ముందుగా స్ఫురించేది దాని వెల. ఆ తరువాత దాని వేగం. కళాశాల ద్వారం ముందు ఒక కొత్త కారు వచ్చి ఆగితే చుట్టూ చేరిన విద్యార్థులు అడిగే ప్రశ్నలు సాధారణంగా ఈ రెండే. కారు నడపడంలో నిజమైన అభిరుచి గలవారు అడిగే ప్రశ్న వేరు. ఈ వాహనం తనను నడిపేవానికి ఏమి నేర్పుతుంది అన్నదే ఆ ప్రశ్న. దానిని గీటురాయిగా తీసుకొని, జీవితంలో ఒక్కసారైనా అనుభవానికి తెచ్చుకోదగిన కొన్ని కార్లను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఛందస్సు బోధించేవానికి ఇంజన్లతో పని ఏమిటని సహాధ్యాపకులు అడగవచ్చు. వారికి సమాధానం మధ్యలో దొరుకుతుంది.

మొదట పేర్కొనవలసినది ఫోర్డు 'మోడల్ టి'. 1908లో అమెరికాలో విడుదలైన ఈ కారు 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైంది. 1913లో హైలాండ్ పార్కు కర్మాగారంలో హెన్రీ ఫోర్డు ప్రవేశపెట్టిన కదిలే కూర్పు వరుస వల్ల, పన్నెండు గంటలకు పైగా పట్టే చట్రం కూర్పు మరుసటి ఏటికి 93 నిమిషాలకు తగ్గింది. 850 డాలర్ల ధర క్రమంగా దిగి 1925 నాటికి 260 డాలర్లయింది. 1914లో ఫోర్డు ప్రకటించిన రోజుకు ఐదు డాలర్ల వేతనం దూరదేశాల శ్రామికులను ఆకర్షించింది. అలా వచ్చినవారిలో అరబ్బు ముస్లింలు కూడా ఉన్నారు. వారి కోసం 1921లో హైలాండ్ పార్కులో ఒక మసీదు వెలసింది. అమెరికాలో మసీదుగానే నిర్మించిన తొలి కట్టడాలలో అది ఒకటి.

ఇవన్నీ చరిత్ర పుస్తకాలలో కనిపించే విషయాలే. చోదకుని ఆసనంలో కూర్చున్నప్పుడు ఎదురయ్యేది వేరొక ప్రపంచం. నేలమీద మూడు పెడళ్లు ఉంటాయి గాని, అవి నేటి కారులోని మూడు కావు. ఎడమ పెడలును పూర్తిగా అదిమితే తక్కువ గేరు, పూర్తిగా వదలితే ఎక్కువ గేరు, నడుమ నిలిపితే ఏ గేరూ లేని తటస్థ స్థితి. మధ్య పెడలు కారును వెనుకకు నడుపుతుంది. కుడి పెడలు బ్రేకు. ఇంధనాన్ని పెంచే మీట పాదం కింద కాక స్టీరింగు చక్రం కింద కుడివైపున ఉంటుంది. నేటి కార్లు నడిపిన అలవాటు ఇక్కడ సాయపడదు సరికదా, అపాయం కూడా.

స్టీరింగుకు ఎడమవైపున మరొక చిన్న మీట ఉంది. అసలు పాఠం అందులోనే ఉన్నది. సిలిండరులో ఇంధనం అంటుకొని పూర్తిగా మండడానికి కొంత వ్యవధి కావాలి. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఆ వ్యవధిలో పిస్టన్ మరింత దూరం పోతుంది. కనుక విద్యుత్ రవ్వను మరికాస్త ముందుగా పుట్టించాలి. నేటి కార్లలో ఈ లెక్కను యంత్రమే చూసుకుంటుంది. మోడల్ టిలో దానిని చోదకుడే తన చెవితో విని, ఎడమ చేతితో సవరించాలి. ముందున్న పిడిని చేతితో తిప్పి ఇంజనును మేల్కొలిపేటప్పుడు ఆ మీటను వెనుకకు ఉంచడం మరచినవాని గతి మరీ కష్టం. రవ్వ ముందుగా పుట్టి, పిడి ఎదురు తిరిగి, మణికట్టును విరిచేది. యంత్రశాస్త్రాన్ని ఇంత నిర్దయగా బోధించిన గురువు మరొకడు ఉండడేమో! ఇంకొక విశేషం: చాలాకాలం ఆ కారులో పెట్రోలు తొట్టి ముందు సీటు కింద ఉండేది. పంపు లేదు. ఇంధనం కేవలం పల్లానికి ప్రవహించి ఇంజనును చేరాలి. నిటారైన చడావులో అది చేరదు. అందువల్ల ఆనాటివారు కారును వెనుకకు తిప్పి, రివర్సు గేరులో కొండ ఎక్కేవారు. డెట్రాయిట్ ప్రాంతంలోని తెలుగు బంధువుల ఇండ్లకు వెళ్లే అవకాశం కలిగినవారు డియర్‌బార్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజి ప్రదర్శనశాలలో ఈ కారెక్కి తిరిగి రావచ్చు.

రెండవది మనకు చేరువలోనే ఉన్నది. హైదరాబాదు చౌమహల్లా రాజప్రాసాదంలో లేత పసుపు వన్నెతో మెరిసే రోల్స్ రాయిస్ 'సిల్వర్ ఘోస్ట్'ను చూచినవారు మన విద్యార్థులలో కొందరైనా ఉంటారు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించిన కారు అది. ఆయన 1911లో మరణించారు. కారు ఏడవ నిజాము ఏలుబడిలో నగరం చేరింది. వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తైన ఆసనం అమర్చిన ఈ వాహనం బహుకొద్ది దూరమే నడిచింది. దర్శకులు ఆ ఆసనాన్ని చూచి ఆశ్చర్యపడి వెళ్లిపోతారు. నేనైతే ముందున్న చోదకుని స్థానం దగ్గర ఎక్కువసేపు నిలబడమంటాను.

1906లో హెన్రీ రాయిస్ రూపొందించిన ఆ నమూనాలో ఏడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను ఉంది. దాని ఖ్యాతి బలం వల్ల కంటె నిశ్శబ్దం వల్ల వచ్చినది. ఇంజను మౌనంగా ఉంటే చోదకుడు చేసే ప్రతి తప్పూ బిగ్గరగా వినబడుతుంది. ఆనాటి గేరుపెట్టెలో పళ్లచక్రాల వేగాలను సమం చేసే ఏర్పాటు లేదు. సింక్రోమెష్ అనే ఆ సదుపాయం 1928లో కాడిలాక్ కార్లతో గాని రాలేదు. అందుచేత పై గేరునుండి కింది గేరుకు దిగేటప్పుడు క్లచ్ నొక్కి, గేరును తటస్థానికి తెచ్చి, క్లచ్ వదలి, ఇంజను వేగాన్ని తగినంత పెంచి, మరల క్లచ్ నొక్కి, అప్పుడు కింది గేరులో వేయాలి. రెండు చక్రాల వేగం కలిస్తే మీట వెన్నలో కత్తివలె దిగుతుంది. కలవకపోతే పళ్లు కరకరలాడుతాయి. ఎంత పెంచాలన్నది ఏ గ్రంథమూ చెప్పదు. పద్యంలో యతిస్థానం కూడా అంతే గదా! కొత్త విద్యార్థి వ్రేళ్లు మడిచి అక్షరాలు లెక్కిస్తాడు. వంద పద్యాలు చదివినవానికి లెక్క అవసరం లేదు, చెవికే తెలిసిపోతుంది. నాకు ఇంజన్లమీద మక్కువ కలిగింది ఈ సామ్యం వల్లనే.

ఫ్రాన్సు దేశపు 'సిట్రోయెన్ డి.ఎస్.' గురించి కొద్దిగా చెబుతాను. 1955లో పారిస్ ప్రదర్శనలో వెలువడిన ఈ కారులో ఉక్కు స్ప్రింగులకు బదులు నూనె, నత్రజని వాయువు నింపిన గోళాలు ఉంటాయి. ఇంజను మొదలుకాగానే కారు మోకాళ్లమీది ఒంటెవలె లేచి నిలుస్తుంది. 1962 ఆగస్టులో అధ్యక్షుడు డి గాల్ మీద తుపాకులు పేలినప్పుడు టైర్లు దెబ్బతిన్నా ఆయన కారు ఆగక దూసుకుపోయింది. అదీ డి.ఎస్. కారే. బ్రేకు పెడలుకు మారుగా ఒక చిన్న బొడిపె ఉంటుంది. దానిని పాదంతో తొక్కకూడదు, మోపాలి. బలానికి బదులు సున్నితత్వాన్ని నేర్పిన కారు ఇది.

ఇక 'మినీ'. 1956లో సూయజ్ కాలువ మూతపడి బ్రిటనులో పెట్రోలుకు రేషను వచ్చింది. ఆ కొరతే ఈ కారుకు జన్మకారణం. రూపశిల్పి అలెక్ ఇస్సిగోనిస్ 1906లో ఉస్మానియా సామ్రాజ్యంలోని స్మిర్నా నగరంలో, అనగా నేటి ఇజ్మీర్‌లో పుట్టి, 1922 నాటి యుద్ధ కల్లోలంలో కుటుంబంతో వలస వెళ్లినవాడు. 1959లో వెలువడిన కారు పొడవు 10 అడుగులు, చక్రాలు 10 అంగుళాలు. ఇంజనును అడ్డంగా తిప్పి, గేరుపెట్టెను దాని కిందనే ఒకే నూనెలో ఉంచి, ముందు చక్రాలకు శక్తినిచ్చాడు. నేలలో నూటికి ఎనభై వంతులు మనుషులకు, సామానుకు మిగిలింది. 848 సి.సి. ఇంజనుతో వచ్చిన ఈ చిట్టికారు, మెరుగుపరచిన కూపర్ ఎస్ రూపంలో, మాంటీ కార్లో ర్యాలీని 1964, 1965, 1967లలో గెలిచింది. 1966లో కూడా ముందుగానే వచ్చింది గాని, దీపాల విషయమై అనర్హమని తీర్పు చెప్పారు. ఆ తీర్పు నాకు నేటికీ సమంజసంగా తోచదు. ఈ కారు నేర్పేది మలుపును. మలుపులో ఇంధనం తగ్గిస్తే ముక్కు లోపలికి తిరుగుతుంది, పెంచితే వెలుపలికి సాగుతుంది. దారిని స్టీరింగు ఒక్కటే నిర్ణయించదని, కుడి పాదానికి కూడా అందులో వాటా ఉన్నదని తెలుస్తుంది.

ఇవి మన విద్యార్థులకు అందేవా అన్న సందేహం న్యాయమైనదే. అందేది ఒకటి ఉన్నది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారై, 2014లో ఆగిపోయిన అంబాసిడర్. పాత అంబాసిడర్లలో గేరుమీట స్టీరింగు స్తంభానికే ఉంటుంది. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. కారు పూర్తిగా ఆగనిదే మొదటి గేరు సులభంగా పడదు. నల్లమల ఘాట్ రోడ్డులో బరువుతో చడావెక్కేటప్పుడు ఆపకుండా మొదటి గేరుకు దిగాలంటే రాయిస్ కాలపు రెండు క్లచ్‌ల విద్యయే శరణ్యం. చౌమహల్లాలో అద్దం వెనుక నిలిచిన పాఠం ఇక్కడ రోడ్డుమీద దొరుకుతుంది.

క్లచ్ పెడలే లేని కార్లు, విద్యుత్ కార్లు వచ్చిన ఈ రోజులలో ఆ విద్య తెలిసినవారు తగ్గిపోతున్నారు. మన పేటల గ్యారేజీలలో 'ఉస్తాద్' అని పిలువబడే వృద్ధ చోదకులలో అది ఇంకా సజీవంగా ఉన్నది. ఎక్కడైనా పాత అంబాసిడర్ కనబడితే, యజమాని అనుమతితో, అటువంటి ఉస్తాద్ పక్కన కూర్చొని అడగండి. మొదట ఇంజను ఆపివేసి, బ్రేకు బిగించి, పాదమూ చేయీ కలిసేవరకు ఆ వరుసను పదిసార్లు అభ్యసించాలి. ఇంజను శబ్దం వినడం ఆ తరువాతి పాఠం.